రివ్యూలు చదివే కొద్దీ తేల్చుకోలేకపోతున్నాను

ప్రశ్న: నేను కాకినాడలో ఉన్నత పాఠశాల టీచరును. ఏది కొనాలన్నా, ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు ఫోను తీసి రివ్యూలు చదవడం నాకు అలవాటైపోయింది. పాత మిక్సీ పాడైతే కొత్తది ఎంచుకోవడానికి రోజూ రాత్రి పొద్దుపోయేదాకా చదివాను, ఇంకా కొనలేదు. అసలు బాధ అది కాదు. మా అమ్మకు 68 ఏళ్ళు, షుగరు ఉంది. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. మా ఫ్యామిలీ డాక్టరు గారు ఒక కంటి ఆసుపత్రి పేరు చెప్పారు. దాని రేటింగ్ 4.2. అందులో ఒకరు ‘ఆపరేషన్ అయినా చూపు రాలేదు, ఎవరూ వెళ్ళకండి’ అని, మరొకరు ‘మూడు గంటలు కూర్చోబెట్టారు’ అని రాశారు. ఊళ్ళోనే 4.9 ఉన్న ఇంకో ఆసుపత్రి ఉంది. ఎటూ తేలక మూడు నెలలుగా వాయిదా వేస్తున్నాం. మా వారు ‘అవన్నీ డబ్బులిచ్చి రాయించుకునేవే, చూడడం మానెయ్’ అంటారు. ఇంకో సంగతి. మా తమ్ముడు కర్రీ పాయింట్ పెట్టాడు. బంధువులందరినీ ఐదు స్టార్లు ఇవ్వమని ఫ్యామిలీ గ్రూపులో అడుగుతున్నాడు. డబ్బు తీసుకుని వంద రివ్యూలు వేయిస్తానని ఎవరో వాడి వెంట పడుతున్నారట. నేను ఏం చేయాలి?

సమాధానం:

టీచరు గారూ,

మీ ఉత్తరంలో మిక్సీ, అమ్మగారి కళ్ళు, తమ్ముడి దుకాణం అని మూడు సంగతులున్నా, వాయిదా వేయకూడనిది ఒక్కటే కాబట్టి ముందు దాని గురించే రాస్తాను. శుక్లాల ఆపరేషన్ సాధారణంగా రాత్రికి రాత్రి చేయించవలసినంత అత్యవసరం కాదు. అందుకే చాలా కుటుంబాలు దాన్ని పండుగ తర్వాత, పరీక్షల తర్వాత అంటూ వెనక్కి నెడుతూ ఉంటాయి. అయితే కాలం గడిచేకొద్దీ శుక్లం ముదిరి గట్టిపడుతుంది, గట్టిపడిన శుక్లాన్ని తీయడం వైద్యుడికి మరింత కష్టమవుతుంది, ఈలోగా మసకచూపుతో గడప తట్టుకునో, స్నానాలగదిలో జారో పెద్దవారు పడిపోయే ప్రమాదమూ ఉంటుంది. పైగా మధుమేహం ఉన్నవారికి కంటి వెనుక ఉండే రెటీనాను ఏడాదికొకసారైనా పరీక్షించవలసి ఉండగా, శుక్లం దట్టంగా కమ్మిన కంట్లో ఆ పరీక్ష సరిగా సాగదు. కాబట్టి ఈ మూడు నెలల ఆలస్యం మీరు అనుకుంటున్నంత ఖర్చులేనిది కాదు.

ఇక ఆ రెండు సమీక్షలను నింపాదిగా చూద్దాం. సమీక్ష రాసిన మనిషిని మనం తీర్పరిగా చూస్తున్నాం గాని, ఆయన సాక్షి మాత్రమే. తాను కళ్ళారా చూసినదానికి ఆయన మాట పనికివస్తుంది, చూడలేనిదానికి పనికిరాదు. కంటి ఆసుపత్రిలో రోగి బంధువులు చూడగలిగినవి కొన్ని ఉంటాయి: కౌంటరు దగ్గర ఎలా మాట్లాడారు, ముందు చెప్పిన ఖర్చుకూ చివరి బిల్లుకూ తేడా వచ్చిందా, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా, ఆపరేషన్ తర్వాత ఫోను చేస్తే ఎవరైనా ఎత్తారా. వీటి మీద పదిమంది ఒకే మాట చెబితే నమ్మవచ్చు. అయితే శస్త్రవైద్యుడి చేతి నైపుణ్యం, పరికరాలను శుద్ధి చేసే పద్ధతి, కంటిలో అమర్చే కటకం పవరును ఎంత జాగ్రత్తగా లెక్కకట్టారన్నది రోగి చూడగలిగినవి కావు. మీరు తేల్చుకోవలసినవేమో ఈ రెండో రకం విషయాలు. మొదటి రకం సాక్ష్యంతో రెండో రకం ప్రశ్నకు సమాధానం వెతకడం వల్లే ఎంత చదివినా మీకు ఎటూ తేలడం లేదు.

‘మూడు గంటలు కూర్చోబెట్టారు’ అన్న ఫిర్యాదునే తీసుకోండి. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి, అది విప్పారేదాకా కూర్చోబెట్టి, చాలకపోతే మళ్ళీ చుక్కలు వేసి, ఆ తర్వాతే రెటీనాను చూస్తారు. మొదటిసారి వెళ్ళినవారికి కటకం కొలతలు కూడా తీస్తారు. ఆ సమయమంతా రోగికి ఊరికే కూర్చోబెట్టినట్టే కనిపిస్తుంది. మూడు గంటలూ దీనికే పట్టాయో, నిజంగానే అక్కడ నిర్వహణ బాగాలేదో మనకు తెలియదు. ఈ ఒక్క వాక్యంతో తేలేదైతే కాదు. ‘ఆపరేషన్ అయినా చూపు రాలేదు’ అన్నది ఇంకా బరువైన మాట, దాన్ని కొట్టిపారేయమని నేను అనను. అయితే శుక్లం తీసినంత మాత్రాన మధుమేహం వల్ల దెబ్బతిన్న రెటీనా గాని, నీటికాసులు (గ్లకోమా) వల్ల దెబ్బతిన్న కంటి నరం గాని బాగుపడవు. అలాంటి కంటికి ఆపరేషన్ ఎంత చక్కగా జరిగినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. ఆ సమీక్ష రాసినవారికి ఆ జబ్బులు ఉన్నాయా, ఉంటే ఆ సంగతి ఆసుపత్రివారు ముందుగా చెప్పారా అన్నవే అసలు ప్రశ్నలు, వాటి ఊసు అందులో లేదు. వైద్యుడు అక్కడే జవాబు రాసి వివరించవచ్చు కదా అంటారేమో. రోగి వివరాలను బయటపెట్టకూడదన్న వృత్తి నియమం ఉన్నందున ఆయన ‘దయచేసి వచ్చి కలవండి’ అనడం తప్ప పెద్దగా ఏమీ రాయలేరు. అందువల్ల వైద్యుల మీద వచ్చే సమీక్షల్లో మనకు దాదాపు ఎప్పుడూ ఒక పక్షమే వినబడుతుంది.

4.9 ఉన్న ఆసుపత్రి మంచిది కాదని నేను అనడం లేదు. ఆ అంకె ఎలా తయారయిందో చూడకుండా దాన్ని 4.2తో పోల్చవద్దని మాత్రం అంటున్నాను. పది సమీక్షల మీద 4.8 సగటు ఉన్నచోట ఇద్దరు ఒక్కో స్టారు ఇస్తే ఆ సగటు 4.2కు పడిపోతుంది, వెయ్యి సమీక్షల మీద 4.3 ఉన్నచోట అదే ఇద్దరు వచ్చి అదే పని చేస్తే అంకె కదలనైనా కదలదు. కాబట్టి అంకె పక్కన బ్రాకెట్లలో ఉండే సంఖ్యను ముందు చదవండి. ఆ పైన, రాసేవారెవరన్నది ఉంది. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున స్టాఫ్‌రూముకు పరుగెత్తుకుని వచ్చేది మొదటి ర్యాంకు పిల్లలో, తప్పిన పిల్లల తల్లిదండ్రులో అయి ఉంటారు గాని, యాభై అయిదు మార్కులవాడు నిశ్శబ్దంగా ఇంటికి పోతాడని మీకు నేను చెప్పనక్కరలేదు. సమీక్షల్లోనూ ఐదు స్టార్ల పోగు పెద్దదిగా, ఒక స్టారు పోగు దాని తర్వాతదిగా, నడుమ పల్లంగా కనిపించడం పరిశోధకులు చాలాసార్లు గమనించిన సంగతే. ‘పర్వాలేదు, పని జరిగింది’ అనుకున్న అధికసంఖ్యాకులు ఆ లెక్కలోకే రారు.

ముందు రాసినవారి ప్రభావం తర్వాత రాసేవారి మీద పడడం మరో చిక్కు. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, ఒక వార్తా వెబ్‌సైటులో పాఠకులు రాసిన లక్షకు పైగా వ్యాఖ్యల్లో కొన్నింటికి, అవి వెలువడగానే, పరిశోధకులు ఒకే ఒక్క అనుకూల ఓటు తామే వేశారు. ఆ ఒక్క ఓటు వల్ల ఆ వ్యాఖ్యల చివరి మార్కులు సగటున 25 శాతం పెరిగాయి. విచిత్రమేమిటంటే, అదే విధంగా వేసిన ప్రతికూల ఓటును మాత్రం తర్వాతివారు సరిదిద్దేశారు. అది వస్తువుల మీద చేసిన ప్రయోగం కాదన్న మాట నిజమే గాని, తొలి పొగడ్తను జనం ప్రశ్నించకుండా మోసుకుపోతారన్నది అందులోనుంచి మీరు గ్రహించవలసిన సంగతి. కొత్తగా తెరిచిన చోట కనిపించే 4.9ను ఈ దృష్టితో చూడండి.

కాబట్టి అమ్మగారి విషయంలో నేను చేయమనేది ఇది. ఈ వారంలోనే ఆ ఫ్యామిలీ డాక్టరు గారిని మళ్ళీ కలిసి, ఆ ఆసుపత్రి పేరు ఎందుకు చెప్పారో, తాము పంపిన రోగులు ఆపరేషన్ తర్వాత ఎలా ఉన్నారో అడగండి; ఏళ్ళ తరబడి తన రోగులను అక్కడికి పంపుతూ, మళ్ళీ తన దగ్గరే చూస్తున్న మనిషి మాట ముక్కూమొహం తెలియని నలభైమంది మాటకంటే బరువైనది. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళి, శుక్లం కాక కంటిలో ఇంకేమైనా జబ్బు ఉందా, రెటీనా పరిస్థితి ఏమిటి, ఆపరేషన్ చేసేది ఎవరు, ఏ రకం కటకం పెడతారు, పెట్టిన తర్వాత చదవడానికి కళ్ళజోడు కావాలా, చెప్పిన మొత్తంలో కటకమూ మందులూ తర్వాతి పరీక్షలూ కలిసి ఉన్నాయా, ఆపరేషన్ అయిన రాత్రి కన్ను ఎర్రబడినా నొప్పి పెట్టినా ఏ నంబరుకు ఫోను చేయాలి అన్న ప్రశ్నలను కాగితం మీద రాసుకుని అడగండి. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉందేమో కూడా చూడవచ్చు. ఈ ప్రశ్నలకు ఓపికగా సమాధానం చెబితే అక్కడే చేయించండి, విసుక్కుంటే 4.9 ఆసుపత్రికి వెళ్ళి అవే ప్రశ్నలు అడగండి. ఖర్చు భారమైతే, జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తారన్న సంగతి గుర్తుంచుకోండి.

మీ వారి మాటలో సగం నిజం ఉంది. 2017లో లండన్‌లో ఒక పాత్రికేయుడు తన పెరట్లోని షెడ్డును హోటలుగా నమోదు చేసి, స్నేహితులతో రాయించిన దొంగ సమీక్షలతోనే ట్రిప్‌అడ్వైజర్ అనే సమీక్షల వెబ్‌సైటులో ఆ నగరపు మొదటి ర్యాంకుకు చేర్చాడు. అప్పటికి అక్కడ ఎవరికీ ఒక్క ముద్ద వడ్డించలేదు. 2022లో అమెజాన్ సంస్థ, దొంగ సమీక్షలకు మనుషులను కూడగడుతున్నారంటూ పదివేలకు పైగా ఫేస్‌బుక్ గ్రూపుల నిర్వాహకుల మీద దావా వేసింది. మన దగ్గర ఇంత హంగామా కూడా అక్కరలేదు, పార్సిల్ విప్పితే ‘ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే క్యాష్‌బ్యాక్’ అన్న చీటీ ఒకటి రాలుతుంది. అయినా ‘అన్నీ అబద్ధాలే’ అని మూసిపెట్టడంతో నేను ఏకీభవించను. సమీక్షలు మానేసిన మనిషి ఖాళీ మనసుతో ఏమీ కొనడు. టీవీ ప్రకటననో, షాపులో కమీషను ఎక్కువ వచ్చే మోడలునే చేతిలో పెట్టే సేల్స్‌మ్యాన్‌నో నమ్మి కొంటాడు. ఆ సేల్స్‌మ్యాన్ మాటకంటే, మూత దగ్గర పచ్చడి కారుతున్న జారును ఫోటో తీసి పెట్టిన గృహిణి మాట వెయ్యిరెట్లు నయం.

మిక్సీ దగ్గర సమీక్షలు నిజంగా ఉపయోగపడేది ఇలాంటి వివరాలకే. జారు కారడం, మోటారు వాసన రావడం, చప్పుడు ఎక్కువగా ఉండడం, మీ ఊళ్ళో సర్వీసు సెంటరు పలకకపోవడం వంటివి వాడినవారే చెప్పగలరు. మోటారు ఎన్నేళ్ళు మన్నుతుందన్నది మాత్రం అక్కడ వెతకవద్దు, చాలామంది పెట్టె విప్పిన వారంలోపే స్టార్లు ఇచ్చేస్తారు. 2016లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన, 1,272 వస్తువులకు కొనుగోలుదారులు ఇచ్చిన స్టార్లను ప్రయోగశాల పరీక్షల మార్కులతో పోల్చి చూసి, రెండింటికీ పొంతన చాలా తక్కువని తేల్చింది. ఫ్రిజ్ మీదో ఏసీ మీదో అంటించి ఉండే బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) స్టార్లు వేరే జాతివి. అవి విద్యుత్ వినియోగాన్ని కొలిచి ఇచ్చినవి, ఎవరి అభిప్రాయాలూ కావు. మిక్సీకి ఐఎస్ఐ గుర్తు, వారంటీ కాలం చూసుకోండి. మూడు స్టార్ల సమీక్షలను, అందులోనూ ఇటీవలివాటిని ముందు చదవండి. మంచీ చెడూ రెండూ రాసేవారు అక్కడే దొరుకుతారు. ఒకే లోపం వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు చెబుతూ ఉంటే అది నిజమై ఉంటుంది. ఒకే వారంలో ఒకే మాదిరి వాక్యాలతో పొగడ్తలు గుంపుగా వచ్చి ఉంటే అనుమానించండి. కిందికి జరుపుతూ వెళ్ళినప్పుడు మిక్సీ పేజీలో ఇస్త్రీపెట్టె గురించిన సమీక్ష తగిలితే, పాత వస్తువు పేజీకి కొత్త వస్తువును తగిలించి ఆ స్టార్లను వాడుకుంటున్నారని అర్థం. అన్నిటికంటే ముఖ్యంగా, వెనక్కి ఇచ్చే సౌకర్యం ఉన్న వస్తువు కోసం రాత్రిళ్ళు నిద్ర మానుకోవద్దు. అరగంట చదవండి, రెండు మోడళ్ళు మిగిలితే దగ్గరలో సర్వీసు సెంటరు ఉన్నది కొనండి, మొదటి రోజే మినప్పప్పు రుబ్బి చూడండి, నచ్చకపోతే గడువులోపల తిప్పి పంపండి.

తమ్ముడి సంగతి కొంచెం సున్నితమైనది, ఎందుకంటే అతని ఆత్రం అర్థం చేసుకోదగినదే. అమెరికాలోని సియాటిల్ నగరపు హోటళ్ళ మీద హార్వర్డ్ పరిశోధకుడొకరు 2011లో చేసిన అధ్యయనంలో, ఒక్క స్టారు పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతున్నట్టు తేలింది. అదీ ఏ గొలుసుకూ చెందని విడి హోటళ్ళకే. పేరుమోసిన గొలుసు హోటళ్ళకు ఆ ప్రభావం కనిపించలేదు. కొత్త కర్రీ పాయింట్‌కు ఆ స్టార్లు ఎంత విలువైనవో దీన్నిబట్టే తెలుస్తోంది. అయినా అతని కూర తిని, బాగుందనుకుంటే తప్ప మీరు రాయకండి. రాసినా ‘ఈ దుకాణం మా తమ్ముడిదే’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి. అలా చెప్పడానికి మొహమాటమైతే అసలు రాయకపోవడమే మంచిది. డాలస్‌లో ఉన్న బావమరిది కాకినాడ దొండకాయ వేపుడు కరకరలాడుతోందని ఐదు స్టార్లు ఇస్తే, అతని ప్రొఫైలు నొక్కి చూసిన మొదటి మనిషికే గుట్టు తెలిసిపోతుంది. నవ్వులాటగా అనిపించవచ్చు గాని, అదే అమెరికాలో 2024 అక్టోబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన దొంగ సమీక్షల కొనుగోలును నిషేధించడమే కాక, యజమానులు తమ దగ్గరి బంధువులచేత సంబంధం చెప్పకుండా రాయించుకోవడాన్ని కూడా తప్పుగా లెక్కిస్తోంది.

వంద సమీక్షల బేరాన్ని మాత్రం ఇంకో ఆలోచన లేకుండా తిప్పికొట్టమనండి. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారి తానే వినియోగదారుడినని నమ్మించి సమీక్షలు రాయకూడదు; మీ తమ్ముడు డెలివరీ యాప్‌ల ద్వారా కూరలు అమ్ముతున్నా, అమ్మబోతున్నా ఈ నియమం అతనికి పట్టింపు కావాలి. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ తెచ్చిన ఐఎస్ 19000 అనే ప్రమాణం డబ్బుకు కొన్న సమీక్షలను ప్రచురించకూడదని చెబుతోంది, అది స్వచ్ఛందమే అయినా. చట్టం మాట అటుంచి, ఇలాంటి బేరగాడికి ఒకసారి డబ్బిచ్చినవాడు, రేపు ‘ఇంకా ఇవ్వకపోతే ఒక్క స్టారు వేయిస్తాను’ అన్న బెదిరింపుకు తలుపు తెరిచినట్టే. ఆ సమీక్షలు రాసే చేతులు ఎవరివో కూడా తెలుసుకోండి. ‘ఇంట్లో కూర్చుని హోటళ్ళకు రేటింగ్ ఇస్తే డబ్బు’ అని వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో సందేశాలు పంపి, మొదట కొన్ని వందలు నిజంగానే ఖాతాలో వేసి, తర్వాత టాస్కుల పేరుతో డిపాజిట్లు కట్టించుకుని లక్షలు కాజేసే మోసానికి తెలుగు రాష్ట్రాల్లో ఎందరో విద్యార్థులు, గృహిణులు, ఉద్యోగులు బలయ్యారు. మీ పిల్లలకో, పైతరగతుల విద్యార్థులకో అలాంటి సందేశం వస్తే స్పందించవద్దని చెప్పండి. డబ్బు పోయినవారు ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

మరి తమ్ముడు ఏం చేయాలి? కౌంటరు మీద క్యూఆర్ కోడ్ పెట్టి, మెచ్చుకున్నవారినే కాక కొన్నవారందరినీ రాయమని అడగవచ్చు. దానికి బదులుగా కూర ప్యాకెట్టు ఉచితమనీ, పెరుగు ఉచితమనీ అనకూడదు. ‘పప్పు పులిసిపోయింది’ అని ఎవరైనా రాస్తే కోపగించుకోకుండా, ఏ రోజు ఏ పూట తీసుకున్నారో అడిగి, ఏం మార్చాడో అక్కడే రెండు వాక్యాల్లో రాయడం మేలు. కొత్తగా చూసేవారు ఆ ఫిర్యాదు కంటే దాని కింద ఉన్న జవాబును శ్రద్ధగా చదువుతారు. ఆహార భద్రతా సంస్థ నమోదు సంఖ్యను కనిపించేటట్టు గోడకు తగిలించడం కూడా మరవవద్దు. ముప్పై నిజమైన సమీక్షలు పోగవడానికి కొన్ని నెలలు పట్టవచ్చు; కర్రీ పాయింట్ వంటి వ్యాపారానికి ఆ వీధివాళ్ళే ఆధారం కాబట్టి, ఈలోగా సాయంత్రం ఏడింటికి కూరలు వేడిగా అందుతున్నాయా అన్నదే గిరాకీని నిలబెడుతుంది.

చివరగా, మీరు అడగకపోయినా ఒక మాట. అమ్మగారి ఆపరేషన్ అయి, డాక్టరు చెప్పిన పరీక్షలన్నీ పూర్తయిన తర్వాత మీరే ఒక సమీక్ష రాయండి. ‘చాలా బాగుంది’ అనో ‘దండగ’ అనో కాక, రోగి వయసెంత, మధుమేహం ఉందన్న సంగతి, ముందు చెప్పిన ఖర్చెంత, చివరికి కట్టినదెంత, ఏ రకం కటకం పెట్టారు, ఎంతసేపు కూర్చోబెట్టారు, అందులో చుక్కలకు పోయిన సమయమెంత, రాత్రివేళ ఫోను ఎత్తారా లేదా అన్నవి రాయండి. నెల తర్వాత చూపు ఎలా ఉందో అదే సమీక్షను తెరిచి చేర్చండి.